మామిడి కొత్తకు ముందు

మా అబ్బా పండ్ల వ్యాపారి. సత్తుపల్లి బస్టాండు దగ్గర మా దుకాణం. వేంసూరు వైపు మామిడి తోటలు పూత మీద ఉండగానే గుత్తకు పట్టేవాడు. పూత చూసి కాత ఎంతో చెప్పడం ఆయన విద్య. లెక్క తప్పినప్పుడల్లా మబ్బుల్ని తిట్టడం అలవాటు. ఆ తోటల్లో తిరుగుతూ పెరిగినదాన్ని కాబట్టి మామిడికాయ గురించి నాకు తెలియనిది లేదని ఒక పొగరు నాకు ఉండేది.

చెట్టు మీద కాయ తోటవాడిది, నేల మీద కాయ వంగినవాడిది. మా వైపు లెక్క అది. గాలివాన వెలిసిన పొద్దున దారినపోయేవాళ్ళు కొంగుల్లో, సంచుల్లో కాయలు నింపుకుని పోతుంటే అబ్బా ఒక్క మాట అనేవాడు కాదు. "రాలింది అల్లా ఇచ్చిండు. తీస్కపోనీ," అనేవాడు. కొమ్మ మీద చెయ్యి పడిందో, అప్పుడు చూడాలి ఆయన నోరు.

ఈ లెక్క లోకమంతటా ఒకటే అనుకున్నాను. కాదని డిగ్రీ చివరి ఏడాదిలో తెలిసింది.

కాలేజీలో నా బెంచీలో నాతో పాటు కూర్చునే అమ్మాయి కోయ పిల్ల. చిన్నప్పటి నుంచి హాస్టళ్ళలోనే చదివింది. మాట తక్కువ. నేను పది మాటలంటే తను ఒకటి అనేది, ఆ ఒక్కటే నా పదింటినీ తిప్పి కొట్టేది. అడవిలో ప్రాజెక్టు కట్టినప్పుడు వాళ్ళ ఊరు మునిగిపోయింది. చుట్టుపక్కల మెరక మాత్రం నీళ్ళ మీద మిగిలింది. కొందరు వేరే చోట్లకు పోయారు. పోనివాళ్ళు ఆ మెరకల మీదే ఇళ్ళు వేసుకున్నారు. వాటిని వాళ్ళు గడ్డలు అంటారు. మా హిస్టరీ సారు మాత్రం దీవులు అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు మెరిసేవి.

ఆ సారే ఒకరోజు క్లాసులో, పరీక్షల ముందు మిమ్మల్ని ఆ దీవులకు తీసుకెళ్తాను, గిరిజన జీవితం మీద ప్రాజెక్టు రాయాలి అన్నాడు. క్లాసంతా గోల. నా స్నేహితురాలు మాత్రం తల వంచుకుని కూర్చుంది. తన ఊరిని మేము బొమ్మల కొలువులా చూడడానికి వెళ్తున్నామని బాధపడుతోందేమో అనుకున్నాను. బయటికి వచ్చాక అడిగేశాను.

"ఏందే, మేం వస్తే నీకు సిగ్గా?"

"సిగ్గు కాదు. మా తాత మంచం పట్టిండు," అంది.

అప్పుడు చెప్పింది మొత్తం. తాతకు గొంతులో ఏదీ దిగడం లేదు. పట్నం దవాఖానాలో చూపిస్తే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గంజి కూడా వద్దంటున్నాడు. ఒక్కటే అడుగుతున్నాడు, వాకిట్లో చెట్టు మామిడికాయ.

"ఇయ్యండి మరి," అన్నాను. నాకు అంతకన్నా తేలిక పని లోకంలో కనిపించలేదు. 

"కొత్త కాలేదు," అంది తను.

వాళ్ళలో ఏ కాయ వచ్చినా, ఏ గింజ పండినా, ముందు ఊరంతా కలిసి పండుగ చేస్తారు. ముందు దేవతకు పెడతారు. తర్వాత ఇంట్లో పెద్దలకు, అంటే చనిపోయినవాళ్ళకు. వాళ్ళు తిన్నాకే బతికున్నవాళ్ళు ముట్టాలి. దాన్నే మామిడి కొత్త అంటారు. అది కాకుండా పసిపిల్ల కూడా పిందె కొరకదు. పండుగకు పూజారి కావాలి. ఆయన ఉండేది అన్నిటికన్నా దూరపు గడ్డ మీద. ముసలాయన, తాటి దోనెలో అంత దూరం కూర్చుని రాలేడు. నీళ్ళు బాగా తగ్గాక, ఎండలు ముదిరాక, నడిచి వస్తాడు. తాత అప్పటిదాకా ఉండడు.

"మీ కోసం సారు ఇంజను పడవ మాట్లాడ్తడు గద. మీరు మా ఊరు సూసేలోపు ఆ పడవ పోయి పూజారిని తీస్కొస్తే, ఆ పూటనే కొత్త చేస్కుంటం. సారునడుగుదమా?"

తన నోటి నుంచి అన్ని మాటలు ఒక్కసారి వినడం అదే మొదలు. సారు వెంటనే ఒప్పుకున్నాడు. పండుగ కూడా చూసినట్టు ఉంటుందని సంబరపడ్డాడు. తను ముందుగా ఊరికి కబురు పంపింది.

ఆ తాతకు అన్ని చెట్లూ వదిలి ఈ చెట్టు కాయే ఎందుకో కూడా చెప్పింది. మునిగిన ఊళ్ళో వాళ్ళ ఇంటి ముందు ఒక మామిడి ఉండేది, తాత వాళ్ళ అమ్మ పెంచింది. నీళ్ళు వచ్చాక కూడా అది ఒడ్డు అంచున చాలా ఏళ్ళు నిలబడింది. వానాకాలం సగం మునిగేది, ఎండాకాలం తేలేది, తేలినప్పుడల్లా నాలుగు కాయలు కాసేది. ఒక గాలివానకు కూలిపోయింది. ఆ ఏడు దాని టెంకలన్నీ తాత ఏరి గడ్డ మీద నాటాడు. మేకలు తిన్నవి, చీమలు తొలిచినవి పోగా, వాకిట్లో ఒక్కటి బతికింది. అది ఈ ఏడే మొదటిసారి కాసింది.

"అది ఆ చెట్టేనా కాదా, అది ఒక్కటి తెల్వాలట తాతకు," అంది. "నేను చిన్నగున్నప్పుడు పాత చెట్టు కాయ తిన్ననట. నాకైతే యాదికి లేదు."

బయలుదేరే రోజు పొద్దున్నే అబ్బా ఒక బుట్ట నిండా కాయలు ఏరి ఇచ్చాడు. రోగం మనిషికి తీసుకెళ్తున్నానని పలుచ తొక్క కాయలు, నవనవలాడేవి, ఒక్కొక్కటీ చేత్తో తడిమి గడ్డిలో పెట్టాడు. బస్సులో నా స్నేహితురాలు ఆ బుట్ట చూసి తెల్లబోయింది.

"అది బస్సు దించకు. కొత్త కాకముందు బయటి కాయ మా ఊర్లకు రావద్దు," అంది.

నాకు కోపం వచ్చింది. అబ్బా ఎంత ప్రేమగా ఏరాడో దానికేం తెలుసు? మొహం మాడ్చుకుని బుట్టను సీటు కిందకు తోశాను. తను బస్సు రాడ్డు పట్టుకుని లేచి అందరికీ చెప్పింది, "మా ఊర్ల మామిడి కొత్త ఇంకా కాలే. చెట్ల మీద చెయ్యెయ్యకుర్రి." వెనక సీటు నుంచి మగపిల్లలు, "చెట్టు జోలికి పోం తల్లీ, నీ చెట్టు నీకే," అని ఆటపట్టించారు. అందులో గొంతు పెద్దది ఒక బొగ్గు లారీ డ్రైవర్ కొడుకుది. క్లాసులో సారు వెనక్కి తిరిగితే చాలు నవ్వించేవాడు. మంచివాడే, నోరే ఊరుకోదు.

ఇప్పపూలు రాలే కాలం. అడవి దారి పొడుగునా ఆ మత్తు వాసన. ఆడవాళ్ళు చెట్ల కింద ఆకులు తగలబెట్టి, ఊడ్చి, నేల శుభ్రం చేసుకుని పూలు ఏరుతున్నారు. బస్సు ప్రాజెక్టు కట్ట దగ్గర ఆగింది. అక్కడి నుంచి ఇంజను పడవ. నీళ్ళలో ఎండిపోయిన చెట్ల మోళ్ళు నిలబడి ఉన్నాయి, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఒక చోట నా స్నేహితురాలు నీళ్ళలోకి చూపించి, "గీ కిందనే మా ఇల్లు," అంది. నేను తొంగి చూశాను. పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా పడవ దాని మీదుగా పోతుంటే కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

గడ్డ మీద ఉన్నవి కొన్ని ఇళ్ళే. మట్టి గోడలు, గడ్డి కప్పులు, అద్దంలా అలికిన వాకిళ్ళు. పండుగకు అంతా సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళు బియ్యం చెరుగుతున్నారు, గంప కింద కోడి అరుస్తోంది. మమ్మల్ని దించి పడవ వెంటనే పూజారి కోసం వెళ్ళిపోయింది. తాత మంచం అరుగు మీద, చెట్టుకు ఎదురుగా వేశారు. చెట్టు చిన్నదే, నా కన్నా ఇంకొంచెం ఎత్తు ఉంటుంది. కానీ కొమ్మలు వంగేలా కాసింది. తాత దాని వైపే తిరిగి పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒంటి మీద ఎముకలు తప్ప ఏమీ లేవు.

నన్ను ఆశ్చర్యపరిచింది చెట్టు కింద నేల. రాలిన కాయలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. కొన్ని పచ్చగా, కొన్ని వాడిపోయి. చిన్నపిల్లలు వాటి మధ్య ఆడుకుంటూ, కాలికి తగలకుండా దాటుకుంటూ పోతున్నారు. ఉప్పూకారంతో తినే కాయ కోసం చెట్టెక్కి పడి చావబోయే పిల్లల్ని చూసినదాన్ని నేను. ఒక్క పిల్ల కూడా వంగదేమిటని చూస్తూ నిలబడిపోయాను.

సారు ఊరి పెద్దతో మాట్లాడుతున్నాడు. మిగతావాళ్ళు వలలూ దోనెలూ చూస్తున్నారు. లారీ డ్రైవర్ కొడుకు చెట్టు దగ్గరికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, "చూడు, ముట్టట్లే," అన్నట్టు నా వైపు చూసి నవ్వాడు. అంతలో ఒక కాయ అదే రాలి వాడి కాలి ముందు పడింది. వాడు వంగాడు, తీసి చొక్కాకు తుడిచాడు, కొరికాడు.

అది నా కళ్ళ ముందే జరిగింది. ఆపాలని నాకు తోచేలోపే అయిపోయింది. నిజం చెప్పాలంటే, రాలిన కాయ తింటున్న మనిషి నా కంటికి తప్పుగా కనిపించనే లేదు.

ఎదురింటి వాకిట్లో బియ్యం చెరుగుతున్న ముసలామె చేట చేతిలోనే ఆగిపోయింది. ఆమె కేక వేసింది. తిట్టు కాదది. పిల్ల నీళ్ళలో పడితే వేసే కేక. అందరూ తిరిగి చూశారు.

"రాలిందే కదా... చెట్టు ముట్టలే," అన్నాడు వాడు. నోట్లో ముక్క మింగాలో ఉమ్మాలో తెలియక నిలబడ్డాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ నోరు పడ! ఒక్క పూట ఆగలేవా? తిండికి మొహం వాచినోడా!" అని అందరి ముందూ కడిగేశాను. నా స్నేహితురాలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "తిట్టకు. వాడికెట్ల తెలుస్తది," అంది. కొత్త కాకుండా ఊళ్ళో కాయ కొరికిన రోజున ఇక పండుగ చెయ్యరని, ముందు ఆ తప్పుకు శాంతి చెయ్యాలని నాకు చెప్పి, తాత దగ్గరికి వెళ్ళింది. కావాలంటే దాచిపెట్టొచ్చు. తాత కళ్ళు మూసుకునే ఉన్నాడు. కానీ మంచం పక్కన కూర్చుని తన భాషలో మెల్లగా అంతా చెప్పేసింది.

అంతా విన్నాక తాత నవ్వాడు. పళ్ళు లేని నోరు, గొంతులో గురగుర తప్ప సరైన శబ్దం కూడా రాలేదు, అయినా అది నవ్వే. కళ్ళు తెరిచి, "ఆ పిల్లగాన్ని పిలువు," అన్నాడు తెలుగులోనే. సంతలు తిరిగిన మనిషి కదా, తెలుగు బాగానే వచ్చు.

వాడు తల వంచుకుని మంచం దగ్గరికి వచ్చాడు. క్లాసును నవ్వించే మొహం అది కాదు.

"భయపడకు బిడ్డా. తప్పు తప్పే. దానికి కోడున్నది, పూజారున్నడు, ఆళ్ళు సూస్కుంటరు. నువ్వు నాకొకటి చెప్పు. పుల్లగుందా?"

"పుల్లగుంది తాతా."

"వగరుందా?"

"జర ఉంది."

"పీసు?"

"లేత కాయ గద తాతా, పీసు తెల్వలే."

తాత కళ్ళు మూసుకున్నాడు. ఆయన గొంతుముడి పైకి కిందికి కదిలింది. ఎన్నాళ్ళ నుంచో ఏదీ దిగని గొంతు అది, మింగడానికి ఏమీ లేకుండానే మింగుతోంది. నేను మొహం తిప్పుకున్నాను.

"ఆ చెట్టు కాయ తిన్నంక నీళ్ళు తాగితే, నీళ్ళు తియ్యగుండేటియి. మా అమ్మ కాయ కోసిచ్చి చెంబు చేతికిచ్చేది. గందుకే ఊర్ల అందరు మా ఇంటికొచ్చేటోళ్ళు. నువ్వు తిన్నవు గద. పోయి నీళ్ళు తాగి రా. తాగి చెప్పు."

నీళ్ళ కుండ గోడ వారగా, నా పక్కనే ఉంది. వాడు సొరబుర్రతో ముంచుకుని తాగాడు. ఒక క్షణం నిలబడ్డాడు. మళ్ళీ ముంచుకుని, ఈసారి నోట్లో పుక్కిలిస్తూ మెల్లగా తాగాడు. రెండోసారి ఎందుకు తాగుతున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. దాహమేమో అనుకున్నాను. సొరబుర్ర కుండ మీద పెట్టి, అరచేత్తో మూతి తుడుచుకుని మంచం దగ్గరికి పోయాడు.

"తియ్యగున్నయ్ తాతా," అన్నాడు. "చక్కెర కలిపినట్టున్నయ్."

తాత చెయ్యి ఎత్తి వాడి మోచేయి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఆయన భార్య, అంటే నా స్నేహితురాలి నాయనమ్మ, గుంజకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ భాషలో తాత ఆమెతో ఏదో అన్నాడు. "విన్నవా, అదే చెట్టు," అన్నాడని నా స్నేహితురాలు తర్వాత చెప్పింది.

పడవ చప్పుడు వినిపించింది. పూజారి దిగాడు. తెల్లటి తలపాగా చుట్టుకుని, పండుగకు వచ్చినట్టే వచ్చాడు పాపం. విషయం విని చెట్టు కింద కొరికి పడేసిన కాయ దగ్గర కూర్చుండిపోయాడు. ఈ రోజు కుదరదు అన్నాడు. గంప కింద ఉన్న కోడి తప్పు శాంతికి పోతుంది. కొత్త మాత్రం అమావాస్య వెళ్ళిన తర్వాతే.

అప్పుడు నా స్నేహితురాలు పూజారి మీద విరుచుకుపడింది. ఆ పిల్లకు అంత గొంతు ఉందని నాకు తెలియదు. వాళ్ళ భాష నాకు ఒక్క ముక్క రాదు, కానీ ఆ అరుపుకు భాష అక్కర్లేదు. ఎవరూ తనను ఆపలేదు. పూజారి కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి, కానీ తల అడ్డంగానే ఊపాడు. అరుగు మీద నుంచి తాత ఒక్క మాట అన్నాడు, అంతే, తను చప్పున ఊరుకుంది.

"ఏమన్నడు?" అని తర్వాత అడిగాను.

"ఊరందరు ఆగిన్రు, నేనాగలేనా అన్నడు."

మేం ఎక్కువసేపు ఉండలేదు. ఆ ఏళ్ళలో పొద్దుగూకాక ఆ అడవి దారిలో బండి నడిపే డ్రైవర్ ఎవడూ లేడు. పోలీసులు ఆపినా భయమే, ఇంకెవరు ఆపినా భయమే. సారు ఊరి పెద్ద చేతులు పట్టుకుని ఏదో చెప్పుకున్నాడు. పెద్దాయన, "పిల్లలు గద సారూ," అన్నాడు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. నా స్నేహితురాలు అక్కడే ఉండిపోయింది. పడవ కదులుతుంటే ఒడ్డున నిలబడి చెయ్యి కూడా ఊపలేదు. చెట్టు వైపు చూస్తోంది.

బస్సులో ఎవరూ పాడలేదు. లారీ డ్రైవర్ కొడుకు కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. నేను తిట్టిన తిట్లు నాకే నోటినిండా చేదుగా ఉన్నాయి.

ఇంటికొచ్చి బుట్ట అలాగే దింపితే అబ్బా, "తినలేదా?" అన్నాడు. అంతా చెప్పాను. చెబుతూనే ఏడ్చాను. ఒక మనిషి పోతుంటే ఇంత పట్టుదల ఏమిటి, ఒక ముక్క నోట్లో పెడితే ఏమవుతుంది అని పూజారి మీద, ఊరి మీద, దేవత మీద కోపమంతా కక్కేశాను. అబ్బా దుకాణం తలుపులు వేస్తూ విన్నాడు.

"రంజాన్ల మనం ఖర్జూరం చేతుల పట్టుకుని కూసోమా బేటీ? ముందరే ఉంటది. ఎవరు సూస్తలేరు. తింటమా? అజాన్ కావాలె. గదే ఇది," అన్నాడు.

మన అజాన్ పొద్దుగూకితే అవుతుంది కదా అబ్బా, అన్నాను. మర్నాడు ఆ కాయల్ని అమ్మకానికి పెట్టకుండా మసీదు దగ్గర కూర్చునేవాళ్ళకు ఇచ్చి వచ్చాడు.

నా స్నేహితురాలు పరీక్షల సమయానికి వచ్చింది. తలకు నూనె లేదు, కళ్ళు లోపలికి పోయాయి. చూడగానే అర్థమైంది. కాలేజీ వరండాలో చివరి మెట్టు మీద కూర్చున్నాం. మేం వచ్చేసిన తెల్లారి తను ఒక కాయను దొంగతనంగా నూరిందట. వేలితో తాత పెదాల మీద రాయబోయింది.

"నోరు మూస్కున్నడే," అంది. "పసిపిల్లగాడు మందుకు మూసినట్టు గట్టిగ మూస్కున్నడు. తల గోడ దిక్కు తిప్పుకున్నడు. నేను కాళ్ళు పట్టుకున్న. తియ్యలే."

అమావాస్య ఇంకా రాకముందే పోయాడు. పోయే ముందు కూడా ఆ పిల్లగాడు చెప్పిన మాటే నాయనమ్మతో అంటున్నాడట, నీళ్ళు తియ్యగున్నయట, అదే చెట్టట అని.

అమావాస్య వెళ్ళాక పండుగ అయింది. దేవతకు పెట్టారు. తర్వాత ఇంట్లో పెద్దలకు విస్తరి వేశారు, అన్నం, మామిడి ముక్కలు, దొప్పలో ఇప్పసారా. వాళ్ళలో కొత్తగా పోయినవాళ్ళ పేరు ముందు పిలుస్తారు. తాత పేరే ముందు పిలిచారు.

"తర్వాత మేం తిన్నం. నాయనమ్మ తిని చెంబందుకుని నీళ్ళు తాగింది. ఆమెకు పాత చెట్టు యాదికున్నది గద. ఏమన్లే. చెంబు కింద పెట్టి లోపలికి పోయింది."

"నువ్వు తాగినవా?"

"తాగిన. నీళ్ళు నీళ్ళ లెక్కనే ఉన్నయ్."

నాకు ఆ సొరబుర్ర గుర్తొచ్చింది. రెండోసారి ముంచుకుని, పుక్కిలిస్తూ, ఎక్కడైనా పిసరంత తీపి దొరుకుతుందేమోనని వెతికిన ఆ మొహం గుర్తొచ్చింది. అందరి ముందూ నేను తిట్టిన మొహం అదే.

అప్పుడే వాడు మెట్ల దగ్గరికి వచ్చాడు. తాత పోయిన సంగతి వాడికి తెలియదు. ఇన్నాళ్ళూ నన్ను అడగడానికి భయపడి ఉంటాడు, నా నోరు తెలుసు కదా. చేతిలో హాల్ టికెట్ నలుపుతూ నిలబడ్డాడు.

"కొత్త అయిందా?" అని అడిగాడు తనని.

"అయింది."

"తాత తిన్నడా?"

నేను తన వైపు చూశాను. తను కొంగు సర్దుకుంది, వాడి మొహంలోకి సూటిగా చూసింది.

"తిన్నడు," అంది. "మా ఇంట్ల అందరికన్న ముందు తాతే తిన్నడు."

వాడి మొహం విప్పారింది. ఎన్నాళ్ళ బరువో దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు. పరీక్ష బాగా రాయమని ఇద్దరికీ చెప్పి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పోయాడు. తను అబద్ధం చెప్పలేదు. వాడి కాళ్ళ చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆగి, నా భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది.